చంద్రమట్టితో వేధశాల: ఒంగోలు షెడ్డులో ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్: ఏం చేయాలనుకుంటున్నాం

చంద్రుడి మీద మొదటి వేధశాల 1972 ఏప్రిల్‌లోనే వెలిసింది. జార్జ్ కారథర్స్ రూపొందించిన అతినీలలోహిత కెమెరాను అపోలో 16 వ్యోమగాములు డెకార్ట్ ఎత్తుభూముల్లో, తమ నౌక నీడలో నిలబెట్టారు. 2013లో చైనా వారి చాంగ్-ఎ 3 నౌక 15 సెంటీమీటర్ల టెలిస్కోపును దించింది. ఆ రెంటికీ స్క్రూ దగ్గర నుంచి అద్దం దాకా ప్రతి గ్రామూ భూమి నుంచే వెళ్లింది. ఇంకా పెద్దది కట్టాలంటే ఆ పద్ధతి సాగదు. అక్కడి మట్టినే వాడుకోవాలి.

అయితే ఏ పనికి ఎంత మట్టి? భూమి నుంచి ఏది మోసుకెళ్లక తప్పదు? దీని మీద చదివింది చాలు, చేసి చూద్దామని మా పదో తరగతి పిల్లలు పట్టుబట్టారు. మూడు వస్తువులు ఎంచుకున్నాం: టెలిస్కోపును నిలబెట్టే దిమ్మె, కాంతిని పట్టే అద్దం, రేడియో తరంగాలను పట్టే తీగ. చోటు మా ఇంటి వెనక రేకుల షెడ్డు.

ముందు మట్టి కావాలి. ఇస్రో చంద్రయాన్ పరీక్షల కోసం తమిళనాడులోని సిత్తంపూండి దగ్గర దొరికే అనార్థోసైట్ రాతిని పొడిచేసి కృత్రిమ చంద్రమట్టి తయారు చేసుకుంది, 2020లో దానికి పేటెంటు కూడా పొందింది. మాకు అంత దూరం పోవాల్సిన అవసరం రాలేదు. ఒంగోలు పక్కనే చీమకుర్తి ఉంది. అక్కడ ‘బ్లాక్ గెలాక్సీ’ పేరుతో తవ్వి ప్రపంచమంతా అమ్మే రాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గాని, భూగర్భశాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి. ప్లాజియోక్లేజ్, పైరాక్సీన్ దాని ప్రధాన ఖనిజాలు. చంద్రుడి ఎత్తుభూముల్లో ఎక్కువగా ఉన్నవీ ఈ రెండే. మన రాతిలో సోడియం పాలు ఎక్కువ, చంద్రుడి ప్లాజియోక్లేజ్ దాదాపు మొత్తం కాల్షియం రకం. మా పనికి ఆ తేడా అడ్డం కాదు.

కటింగ్ ఫ్యాక్టరీ వెనక ఎండిన బురద గుట్టలుగా పడి ఉంది. అక్కడి సూపర్‌వైజరు ఆశ్చర్యపోయాడు.

“మాస్టారూ, దీన్ని మేం ట్రాక్టరు కిరాయి ఇచ్చి పారబోయిస్తామండీ. మీరు సంచులు తెచ్చి పట్టుకెళ్తారా?”

“చంద్రుడి మీది మట్టికి ఇది దగ్గరి చుట్టమండీ.”

“అయితే మావాళ్లకు రోజూ చంద్రుడి మీదే డ్యూటీ అన్నమాట!”

ఆ బురద పొడి మరీ మెత్తన, గోధుమ పిండిలాగే జారిపోతుంది. చంద్రమట్టి రేణువు సగటున 70 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉంటుంది, అంచులు పదునుగా ఉంటాయి. గాలీ నీరూ లేవు కాబట్టి అక్కడ ఏ రేణువూ అరిగి నున్నబడలేదు. అందుకని క్రషర్ డస్టు కూడా తెచ్చి, సన్న జల్లెడ పట్టి, రెండూ కలిపాం. రంపపు ఉక్కు రజను అయస్కాంతంతో లాగేశాం. ఈ పని అంతసేపూ పిల్లలు మాస్కు తీయకూడదన్నది నా షరతు. రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఏమవుతుందో ఆ ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఊళ్లకు బాగా తెలుసు.

మే: గంధకం దిమ్మె

చంద్రుడి మీద నీళ్లు పోసి సిమెంటు కలపలేం. నీళ్లక్కరలేని కాంక్రీటు ఒకటుంది, గంధకం కాంక్రీటు. చంద్రయాన్-3 రోవర్ లేజరుతో నేలను తాకి చూసినప్పుడు దక్షిణ ధ్రువ ప్రాంతపు మట్టిలో సల్ఫర్, అంటే గంధకం, ఉన్నట్టు కచ్చితంగా తేలింది. ఆ కబురు విన్నప్పటి నుంచి ఈ ప్రయోగం నా మనసులో ఉంది.

గంధకం మాకు ఎరువుల కొట్లో దొరికింది. మిరప తోటల్లో బూడిద తెగులుకు చల్లేదే. అందులో ఇతర పదార్థాలు కలపని రకం అడిగి తీసుకున్నాం. తూకంలో గంధకం 35 పాళ్లు, రాతి పొడి 65 పాళ్లు. గంధకం 115 డిగ్రీలు దాటాక కరిగి తేనె రంగులో పల్చగా పారుతుంది. 160 దగ్గరికి వెళ్తే తిరగబడుతుంది: ఎర్రగా మారి, చిక్కబడి, గరిటె కదలదు. కాబట్టి 130, 140 మధ్య నిలపాలి. ఇనుప మూకుడు, ఇసుక పరిచిన పొయ్యి, థర్మామీటరు. పొడిని కూడా ముందే వేడిచేసి పెట్టుకున్నాం, లేకపోతే చల్లటి రేణువు తగలగానే గంధకం దాని చుట్టూ గడ్డకట్టి ముద్దలు కడుతుంది. పని మొత్తం ఆరుబయట, పొగ మా మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడి చేశాం. పొగ ఘాటు కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

అచ్చులో పోసి, కర్రతో కుదించి వదిలితే గంటలో చేతికి గట్టిగా తగిలింది. సిమెంటు దిమ్మెలా వారాల తరబడి తడపనక్కరలేదు. మర్నాడు సుత్తితో అంచు కొట్టి చూస్తే ఖంగుమంది. విరిగిన చోట భూతద్దం పెట్టి చూశాం. నల్లటి పైరాక్సీన్ పలుకుల చుట్టూ లేత పసుపు పొర, ఎక్కడా ఖాళీ లేకుండా. పిల్లలకు అది చూపించడం కోసమే ఈ పని చేసినా వృథా కాదనిపించింది.

ఇక లెక్క. చంద్రమట్టిలో సల్ఫర్ వెయ్యింట ఒక వంతు అటూ ఇటూ ఉంటుంది. 100 కిలోల దిమ్మెకు 35 కిలోల గంధకం కావాలి. అంటే దాదాపు 35 టన్నుల మట్టిని కాల్చి, వెలువడే గంధకపు ఆవిరిని పట్టాలి. స్థానిక సరుకే, కానీ ఖరీదైన సరుకు.

అంతకంటే పెద్ద చిక్కు శూన్యం. గ్రూగెల్, తౌతాంజి అనే పరిశోధకులు 2008లో చూపించినదేమిటంటే, శూన్యంలో ఉంచిన గంధకం కాంక్రీటు నుంచి గంధకం ద్రవం కాకుండా నేరుగా ఆవిరైపోతుంది. వేడి పెరిగితే ఆ వేగమూ పెరుగుతుంది. గడ్డకట్టే చలికీ మామూలు వేడికీ మధ్య మార్చి మార్చి ఉంచితే బలం కూడా తగ్గింది. చంద్రుడి మధ్యరేఖ దగ్గర పగలు 120 డిగ్రీలు, రాత్రి సున్నాకు దిగువన 170 డిగ్రీల దాకా. ఎండలో నిలబెడితే ఈ దిమ్మె నిలవదు.

పాత మైక్రోవేవ్ ఓవెన్‌లో పొడిని కరిగించే ప్రయత్నమూ చేశాం. టెనెసీ విశ్వవిద్యాలయంలో లారీ టేలర్ అసలైన అపోలో మట్టిని మామూలు మైక్రోవేవ్‌లో పెడితే నిమిషాల్లో కరిగింది. ఆ రేణువుల పైపొరలో అతి సూక్ష్మమైన శుద్ధ ఇనుము ఉంటుంది, మైక్రోవేవులను పీల్చేది అదే. కోట్ల ఏళ్లుగా సౌరగాలి, ఉల్కారేణువులు కొట్టిన దెబ్బలకు పుట్టిన ఇనుమది. చీమకుర్తి రాతికి ఆ చరిత్ర లేదు. పొడి వేడెక్కింది గాని అంటుకోలేదు.

జూన్: బస్తాలు

దిమ్మెను కాపాడే మార్గం మళ్లీ మట్టిలోనే ఉంది. చంద్రయాన్-3 దిగాక చాస్టే పరికరం నేలలో గుచ్చి కొలిచిన ఉష్ణోగ్రతల గ్రాఫును ఇస్రో విడుదల చేసింది. పైన 50 డిగ్రీలు, 8 సెంటీమీటర్ల లోతులో సున్నాకు దిగువన 10. జానెడు కూడా లేని లోతులో 60 డిగ్రీల తేడా! అపోలో 15, 17 వ్యోమగాములు ఇంకా లోతుకు గుచ్చిన పరికరాలు చెప్పింది ఇంకా ముఖ్యం: 80 సెంటీమీటర్ల కింద పగలూ రాత్రీ తేడా దాదాపు తెలియదు, ఏడాది పొడవునా 250 కెల్విన్ దగ్గరే, అంటే సున్నాకు 20 డిగ్రీలకు పైగా దిగువన.

రేణువుల మధ్య గాలి లేకపోవడమే దీనికి కారణం. మా షెడ్డులో గాలి ఉంది కాబట్టి ఆ సంఖ్యలు రావు. అయినా పొడి నింపిన గోనె బస్తాల మధ్య ఒక థర్మామీటరు, బయట రేకు కింద ఒకటి పెట్టి చూశాం. బయట మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకూ మధ్య భారీ ఊగిసలాట. బస్తాల నడుమ గీత దాదాపు చదును.

నా అభిప్రాయం ఈ నెలలోనే స్థిరపడింది. చంద్రుడి మీద వేధశాలకు మట్టితో మొదట చేయాల్సింది ఇటుక కాదు, బస్తా. దిమ్మె పాదాన్ని మీటరు లోతున పూడ్చి, చుట్టూ మట్టి బస్తాలు పేర్చితే గంధకానికి ఎండ తగలదు, టెలిస్కోపు పునాది వ్యాకోచించదు, సంకోచించదు. బస్తా గుడ్డ ఒక్కటే భూమి నుంచి వెళ్లాలి. ఇంకో లాభం కూడా ఉంది. అపోలో 12 నౌక అంతకుముందే దిగి ఉన్న సర్వేయర్ 3 అనే మనుషుల్లేని నౌకకు 200 మీటర్ల లోపే దిగింది. దాని ఇంజను ఎగజిమ్మిన ధూళి సర్వేయర్ మీద రంగును గీకేసిన జాడలు, వెనక్కి తెచ్చిన భాగాల మీద కనిపించాయి. పక్కన ఏ నౌక దిగినా అద్దానికి అదే గతి. బస్తాల గోడ ఆ దెబ్బను ఆపుతుంది.

జులై, ఆగస్టు: తిరిగే అద్దం

అందరం ఎదురుచూసిన పని. నాసా గొడార్డ్ కేంద్రంలో పీటర్ చెన్ బృందం 2008లో కృత్రిమ చంద్రమట్టి, ఎపాక్సీ (హార్డెనరు కలిపితే గట్టిపడే జిగురు), కొద్దిగా కార్బన్ నానోట్యూబులు (అతి సన్నటి కార్బన్ గొట్టాలు) కలిపి కాంక్రీటంత గట్టి ముద్ద చేసింది. దాని మీద ఎపాక్సీ పోసి, ఆరేదాకా తిప్పితే 30 సెంటీమీటర్ల అద్దానికి కావలసిన గుంట దానంతటదే ఏర్పడింది. హబుల్ అంత అద్దం, అంటే 2.4 మీటర్లది, చంద్రుడి మీద చేయాలంటే 60 కిలోల ఎపాక్సీ, 1.3 కిలోల నానోట్యూబులు, 1 గ్రాము లోపు అల్యూమినియం తీసుకెళ్తే సరిపోతుందని, మిగతా 600 కిలోలు అక్కడి ధూళేనని చెన్ లెక్క వేశారు.

కవ్వం తిప్పితే మజ్జిగ నడుమ గుంట పడినట్టే, తిరిగే ద్రవం ఉపరితలం కచ్చితమైన పరావలయం అవుతుంది. నైనితాల్ దగ్గర దేవస్థల్‌లో 2022లో మొదటిసారి ఆకాశాన్ని చూసిన 4 మీటర్ల టెలిస్కోపు ఇదే సూత్రంతో పాదరసాన్ని 8 సెకన్లకు ఒక చుట్టు తిప్పుతుంది. చంద్రుడి మీద పాదరసం పనికిరాదు, చలికి గడ్డకడుతుంది. ఎపాక్సీకి ఆ బాధ లేదు, ఒకసారి ఆరితే చాలు.

నాభ్యంతరం, అంటే అద్దం నుంచి కాంతి ఒకచోట కలిసే దూరం, గురుత్వం మీద, వేగం మీద ఆధారపడుతుంది. మేం అనుకున్నది 20 సెంటీమీటర్ల అద్దం, 1 మీటరు నాభ్యంతరం. ఇక్కడ నిమిషానికి 21 చుట్లు కావాలి. గురుత్వం ఆరో వంతే ఉన్న చంద్రుడి మీద ఎనిమిదిన్నర చుట్లు చాలు. నెమ్మదిగా తిరిగితే అదురు తక్కువ. ఈ పనికి చంద్రుడు మనకంటే అనువైన చోటు.

అంచుకూ నడుమకూ లోతు తేడా రెండున్నర మిల్లీమీటర్లే. ఆ గుంట మొత్తం ఎపాక్సీతో నింపితే, మందం ఎక్కువైన చోట వేడి పుట్టి, ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. కాబట్టి ముందు రాతి పొడి ముద్దనే ఆకారానికి తేవాలి. లేత్ మేస్త్రి రేకును పరావలయంగా కోసి మూస ఇచ్చాడు. తిరిగే పళ్లెంలో ముద్ద వేసి, మూసను ఆనిస్తే అదనపు పిండి పక్కకు జరిగిపోయింది. ఆరాక పైన పల్చటి ఎపాక్సీ పొర. నానోట్యూబులు మా తాహతుకు మించినవి, వాటి బదులు కత్తిరించిన గాజు నార కలిపాం.

మోటారు అదురు అద్దం మీద వలయాలుగా రాసుకుంటుంది. దాన్ని ఆపడానికి పళ్లెం బేరింగును నేరుగా మే నెల గంధకం దిమ్మెలో బిగించి, మోటారును వేరే బల్ల మీద పెట్టి, సన్న రబ్బరు బెల్టుతో తిప్పాం. తేడా వెంటనే కనిపించింది. ట్యూబులైటు ప్రతిబింబం ద్రవంలో వణకడం మానేసి నిలబడింది.

వానాకాలం తేమ ఇంకో సంగతి నేర్పింది. ఆరిన ఎపాక్సీ మీద తెల్లటి జిడ్డు పొర, హార్డెనరు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడుతో కలిసి చేసేది. గోరువెచ్చటి నీటితో తుడిస్తే పోతుంది. చంద్రుడి మీద ఈ బెడద ఉండదు. కానీ అక్కడి శూన్యంలో ఎపాక్సీలో చిక్కిన గాలి నురగలా పైకి పొంగుతుంది. పోయకముందే బుడగలన్నీ లాగేయాలి.

సెప్టెంబరు: కత్తి అంచు పరీక్ష

అద్దానికి 2 మీటర్ల దూరంలో చిన్న ఎల్‌ఈడీ, పక్కన బ్లేడు. అద్దం నుంచి తిరిగి వచ్చే కాంతిని బ్లేడు అంచుతో మెల్లగా కోస్తూ చూస్తే, కంటికి కనిపించని ఎత్తుపల్లాలన్నీ వెలుగునీడలుగా లేస్తాయి. ఫూకో పరీక్ష ఇది. చీకటి షెడ్డులో పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చూశారు.

పెద్ద ఆకారం బాగుంది. నడుమ నుంచి అంచుకు నీడ సరిగ్గా పరావలయం లాగే జరుగుతోంది. కానీ ఉపరితలమంతా సన్నటి గరుకు. దాని మూలం త్వరగానే పట్టుకున్నాం: కింద ఉన్న రాతి పలుకులు. ఎపాక్సీ ఆరేటప్పుడు పలుకు ఉన్న చోట తక్కువ, పలుకుల మధ్య ఎక్కువ కుంగుతుంది. కింది రేణువుల అచ్చు పైకి తేలుతుంది. పొర మందం పెంచితే అచ్చు తగ్గి మొత్తం వంకర పెరుగుతుంది, తగ్గిస్తే వంకర పోయి అచ్చు మిగులుతుంది. మెత్తటి కటింగ్ పొడితోనే పైపొర ముద్ద వేసి, దాని మీద ఎపాక్సీ పోస్తే గరుకు బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు.

అల్యూమినియం పూతకు హైదరాబాదు పంపాం. ఎపాక్సీ శూన్యంలో వాయువులు వదులుతుంది గనక బాగా కాచి ఆరబెట్టి తెమ్మన్నారు, అలాగే చేశాం. మా అద్దానికి పట్టిన అల్యూమినియం 10 మిల్లీగ్రాముల లోపే. అందుకోసం వాళ్లు పంపులతో గంటల తరబడి శూన్యం చేయాలి. చంద్రుడి మీద ఆ గది కిటికీ బయటే ఉంది.

గొట్టంలో బిగించి చంద్రుడి వైపే తిప్పాం. తక్కువ వృద్ధిలో టైకో గుంట, దాని నుంచి చిమ్మిన తెల్ల గీతలు స్పష్టం. చీమకుర్తి రాతిలో చంద్రుణ్ని చూశామని పిల్లలు ఊరంతా చెప్పారు. వృద్ధి పెంచితే మాత్రం నక్షత్రం చుక్కగా నిలవదు, మసకగా పరుచుకుంటుంది. మంచి అద్దం ఉపరితలం 70 నానోమీటర్ల (నానోమీటరు అంటే మైక్రానులో వెయ్యో వంతు) లోపు తేడాతో ఉండాలి. మాది దానికి చాలా దూరం. కాంతిని పోగుచేసే పనికి సరిపోతుంది, సూక్ష్మ వివరాలకు కాదు.

అక్టోబరు: తీగ

అద్దం లెక్క వేసిన కాగితం మీదే కింద ఇంకో లెక్క వేశాం. ఉపరితలం ఎంత నునుపుగా ఉండాలన్నది తరంగదైర్ఘ్యం చెబుతుంది. పచ్చటి కాంతికి 70 నానోమీటర్లు. 15 మీటర్ల రేడియో తరంగానికి, ఇరవయ్యో వంతు తీసుకున్నా, 75 సెంటీమీటర్లు! అద్దం దగ్గర మమ్మల్ని ఓడించిన రాతి పలుకు ఇక్కడ లెక్కలోకే రాదు.

పైగా శాస్త్రానికి చంద్రుడి అవతలి వైపు అత్యవసరంగా కావలసింది ఈ పొడవైన తరంగాలే. మొదటి నక్షత్రాలు పుట్టకముందు విశ్వంలో నిండిన హైడ్రోజన్ వెలువరించిన 21 సెంటీమీటర్ల తరంగం, విశ్వ వ్యాకోచం వల్ల సాగి, ఇప్పుడు 10 మీటర్లకు పైబడి మనల్ని చేరుతోంది. ఆ పరిధిలో మన అయనోస్ఫియర్ (విద్యుదావేశం ఉన్న పై వాతావరణ పొర) అడ్డుపడుతుంది, మన ప్రసారాలు ముంచెత్తుతాయి. 1973లో చంద్రుడి చుట్టూ తిరిగిన ఎక్స్‌ప్లోరర్ 49 చంద్రుడి చాటుకు వెళ్లినప్పుడల్లా భూమి రొద ఆగిపోవడం గమనించింది. నాసా పరిశోధనశాల జేపీఎల్‌లో సప్తర్షి బందోపాధ్యాయ్ బృందం ఒక గుంటలోనే తీగల వల పరిచే టెలిస్కోపు ఆలోచన చేస్తోంది. ఫార్‌వ్యూ అనే ఇంకో ప్రతిపాదన లక్ష సాదా యాంటెన్నాలు పరవాలంటుంది, వాటి అల్యూమినియం అక్కడి మట్టి నుంచే తీసి.

ఈ రెండోది మా పిల్లలతో లెక్క కట్టించాను. 1 మిల్లీమీటరు మందం, 10 మీటర్ల పొడవున్న అల్యూమినియం తీగ బరువు 21 గ్రాములు. లక్ష తీగలకు 2.1 టన్నులు. అపోలో 16 తెచ్చిన ఎత్తుభూముల మట్టిలో అల్యూమినియం ఆక్సైడు దాదాపు 27 శాతం, అంటే లోహం 14 శాతం. ఏమీ వృథా కాదనుకుంటే 15 టన్నుల మట్టి, రెండు టిప్పర్ల సరుకు. మట్టిని కరిగించి విద్యుత్తుతో లోహం విడదీయాలి. ఆ కొలిమి మా షెడ్డులో కుదరదు, కాబట్టి బజారులో కొన్న తీగతోనే మిగతా ప్రశ్న పరీక్షించాం: స్తంభాలు లేకుండా తీగను నేల మీద పడేస్తే పనిచేస్తుందా?

హామ్ రేడియో మిత్రుడు తన చిన్న యాంటెన్నా ఎనలైజరుతో వచ్చాడు. 20 మెగాహెర్ట్జ్‌కు, అంటే ఆ 15 మీటర్ల తరంగానికి, కోసిన, 7 మీటర్ల పైచిలుకు డైపోల్ (నడుమ నుంచి కనెక్షను తీసుకునే సాదా తీగ యాంటెన్నా). తీగ ఏ తరంగాన్ని బాగా పడుతుందో అక్కడ ఎనలైజరు గీత లోయలా కిందికి దిగుతుంది. కర్రల మీద ఎత్తి కట్టినప్పుడు తెర మీద లోయ 20 దగ్గర పడింది. చీమకుర్తిలో మూతబడిన క్వారీ ఎండు బండ మీద పరిచాం. లోయ 16 దగ్గరికి జారింది గాని లోతుగా, స్పష్టంగా ఉంది. అంటే బండ తరంగాన్ని నెమ్మదింపజేసింది, మింగలేదు. తీగను కొంచెం పొట్టి చేస్తే సరిపోతుంది. తర్వాత చెరువు గట్టు కింద తడి నేల మీద పరిచాం. లోయ చదునై, ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. నీటి చుక్క లేని చంద్రమట్టి విద్యుత్తుకు దాదాపు అవాహకం, మా బండ కంటే కూడా మేలు. అక్కడ స్తంభం అక్కరలేదు, పునాది అక్కరలేదు, నునుపు అక్కరలేదు. రోవరు తీగ చుట్టను విప్పుకుంటూ పోతే అదే వేధశాల.

నా మటుకు నాకు తేలింది ఇది. మట్టి మనకు ఒడలు ఇస్తుంది, ముఖం ఇవ్వదు. ముఖం నునుపుగా ఉండాల్సిన కాంతి టెలిస్కోపుకు మట్టి దిమ్మె, గోడ, అద్దం వీపు వరకే. ముఖమే అక్కరలేని రేడియో తీగకు మట్టి సర్వస్వం. కాబట్టి అవతలి వైపు తీగల పొలం ముందు రావాలి, పెద్ద అద్దం తర్వాత.

నవంబరు: సాగుతున్నవి

క్వారీలో అదే డైపోల్‌ను ఇప్పుడు 10 సెంటీమీటర్ల పొడి కింద పూడ్చాం. చంద్రుడి మీద ధూళి తీగను కప్పితే ఏమవుతుందన్నది చూడాలి. మొదటి కొలతలో లోయ ఇంకాస్త కిందికి జారింది, లోతు మాత్రం తగ్గలేదు. వాన పడ్డాక మళ్లీ కొలుస్తాం. రెండో గంధకం దిమ్మెకు అచ్చు సిద్ధంగా ఉంది. ఈసారి దాని నడుమ బేరింగు గూడును ముందే వదిలి పోస్తున్నాం, 30 సెంటీమీటర్ల పళ్లెం కోసం.